మూడు తొవ్వల కోడి

సాయంత్రం కోళ్ళు గూటికి చేరే వేళంటే సంగీతకు ఇష్టం. పగలంతా ఒకదాన్నొకటి తరుముకుంటూ, పొడుచుకుంటూ ఆగమాగం చేసే కోళ్ళు వెలుతురు తగ్గగానే ఎంతో బుద్ధిమంతుల్లా షెడ్డులోకి నడుస్తాయి. ఎవరూ పిలవనక్కర్లేదు. లోపల కర్రల మీదికి ఎగిరి, చోటు కోసం కాసేపు గొణుక్కుని, ఒకదానికొకటి ఒరిగి సద్దుమణుగుతాయి. అప్పుడు ఆమె జాలీ తలుపు వేసి, పరదాలు దించి, ఒక్క నిమిషం ఊరికే నిలబడేది. రోజు మొత్తంలో ఆమె తనకోసం ఉంచుకునే నిమిషం అదొక్కటే.

షెడ్డంటే పెద్దదేమీ కాదు. ముత్యంపేట దాటి లోపలికి వెళ్తే తగిలే చిన్న ఊరు వాళ్ళది. ఊరికి కాస్త ఎడంగా ఉన్న ఎకరంలో, దుబాయ్ నుంచి వచ్చేసిన తర్వాత ఆమె భర్త సంజీవ్ వేసిన రేకుల షెడ్డు. మోకాలెత్తు ఇటుక గోడ, దాని మీద జాలీ, జల్లు కొట్టకుండా యూరియా సంచులు విప్పి కుట్టిన పరదాలు, కింద వడ్ల ఊక. వెనకవైపు కిటికీ లేని చిన్న అర ఒకటి. పొదిగే కోడికి చీకటి కావాలని దాన్ని ప్రత్యేకంగా కట్టించాడు. రోడ్డు మీదికి కనబడేలా ‘నాటుకోళ్ళ ఫారం’ అని బోర్డు కూడా రాయించాడు. దాని మీది పుంజు అచ్చం నెమలిలా ఉంటుంది. బొమ్మ వేసినవాడు ఆ పూట తాగి ఉన్నాడని సంజీవ్, తాగకపోయినా అంతే వేసేవాడని సంగీత.

బోర్డుకున్న కళ ఫారానికి రాలేదు. హ్యాచరీ నుంచి తెచ్చిన మొదటి విడత పిల్లలు కొక్కెర రోగం తగిలి వారం తిరగకముందే పోయాయి. గుంత తవ్వి, సున్నం చల్లి సంజీవే పూడ్చాడు. అన్నం ముందు కూర్చున్నాక తల ఎత్తకుండా అన్నాడు.

“మల్ల పోతనే. కంపెనీ వాళ్ళు రమ్మంటున్నరు.”

సంగీత చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒక ఇంట్లో ఉన్న కాలం కంటే ఫోన్లో ఒకరి ముఖం ఒకరు చూసుకున్న కాలమే ఎక్కువ. మళ్ళీ ఆ బతుకు ఆమెకు వద్దు. 

“హ్యాచరీ పిల్లలు గట్లనే పోతయి,” అంది. “నాటు గుడ్లు తెచ్చి నాటు కోడి కింద పొదిగేస్త. తల్లి ఎంబడి తిరిగిన పిల్లలు గట్టిగుంటయి. ఒక్కసారి చూడు. గవ్వి సుత బతుకకుంటె అప్పుడు పో, నేను అడ్డం రాను.”

సంజీవ్ కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. “సరే. ఒక్క పొదుగు. అది చూసి చెప్త,” అన్నాడు.

సంగీత మర్నాడే సారంగాపూర్ వెళ్ళి, తల్లిగారింటి నుంచి మంచి గుడ్లు ఏరి ఊకలో పెట్టుకుని తెచ్చింది. గుడ్లయితే వచ్చాయి గానీ పొదిగే కోడి ఏది? షెడ్డులో గుడ్ల కోసం ముందే కొన్నవి గుడ్డు పెట్టి దాని ముఖం కూడా చూడకుండా లేచిపోయే జాతి కోళ్ళు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి అడిగింది. ఎవరింట్లోనూ పొదుగుకు వచ్చిన కోడి లేదు. గుడ్లు పాతబడితే మురిగిపోతాయి. ఆమెకు నిద్ర పట్టడం మానేసింది.

అదే వారంలో రాజక్క మనవరాలికి జ్వరం వచ్చింది.

రాజక్క రోజూ షెడ్డు ఊడ్చి, ఊక తిరగెయ్యడానికి కూలికి వచ్చేది. ఆమె కూతురు సుజాత సిరిసిల్లలో మగ్గాల షెడ్డులో పని చేస్తుంది. సుజాత కూతురు తేజస్విని అమ్మమ్మ దగ్గరే ఉండి ఊళ్ళో బడికి పోతుంది. బడి వదలగానే సంచీతో సహా నేరుగా ఫారానికి వచ్చేది. సంగీత కూర్చుని నూకలు చెరుగుతుంటే వెనక నుంచి మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద బుగ్గ ఆనించి, బరువంతా ఆమె మీదే వేసి వేలాడేది. “నీకు పిల్లలు లేరు గదత్తా, నేనుంట తియ్,” అనేది, పెద్ద ఆరిందాలా. ఆ మాట ఇంకెవరన్నా అంటే సంగీత ఏడ్చేది. ఆ పిల్ల అంటే నవ్వొచ్చేది.

జ్వరం మందులకు లొంగలేదు. ఆర్ఎంపీ డాక్టరు సూదులు వేసి వేసి, జగిత్యాల తీసుకుపొమ్మన్నాడు. రాజక్క పోయే ముందు ఒక పని చేసింది. తనకున్న ఒక్క నల్ల కోడికి పసుపు కుంకుమలు పెట్టి, పిల్ల చుట్టూ దిగదుడిచి, ఊరి పొలిమేరలో మూడు తొవ్వలు కలిసే చోట పోచమ్మ పేరున విడిచిపెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. అలా విడిచిన కోడిని ఎవరూ ముట్టరు. అది దాని దారిన పోవాలి. పోతూ పోతూ జ్వరాన్ని తీసుకుపోవాలి. నిజంగానే తెల్లారేసరికి తేజస్విని ఒళ్ళు చల్లబడింది. లేచి కూర్చుని పప్పన్నం అడిగింది. జగిత్యాల ప్రయాణం ఆగిపోయింది.

ఆ మర్నాడు పొద్దున గడ్డి కోసుకుని మూడు తొవ్వల మీదుగా వస్తున్న సంగీతకు తుప్ప మొదట్లో ఆ కోడి కనబడింది. ఈకలన్నీ ఉబ్బించి, రెక్కలు చాచి, నేలకు అతుక్కుని కూర్చుంది. దగ్గరికి వెళ్తే లేవలేదు. గొంతులో కుర్రుకుర్రుమంది. సంగీతకు చూడగానే తెలిసిపోయింది. కోడి పొదుగుకు వచ్చింది.

నెత్తి మీద పసుపు ఇంకా ఉంది.

ముట్టకూడదని ఆమెకు తెలుసు. ఎవరి కోడో, ఎందుకు విడిచారో కూడా తెలుసు. కానీ అక్కడ నిలబడి ఆమె తనకు తాను చాలా సంగతులు చెప్పుకుంది. పిల్ల జ్వరం తగ్గింది కదా. ఇక కోడి ఎక్కడుంటే ఏం? ఇక్కడే ఉంటే ఈ రాత్రికి కుక్క నోట పడుతుంది. దేవునికి ఇచ్చిన ప్రాణాన్ని కాపాడితే పాపమెట్లా అవుతుంది? మనిషికి కావలసింది ఎదురుగా ఉన్నప్పుడు న్యాయాలు ఎన్నయినా దొరుకుతాయి. గడ్డి మోపులో కోడిని దాచి తెచ్చింది. బోరు దగ్గర దాని నెత్తి మీది పసుపు కడిగేసింది. వెనక అరలో ఊక గంప పెట్టి, గుడ్లు పేర్చి, దాని కింద సర్దింది. కోడి ఒక్కొక్క గుడ్డునూ ముక్కుతో లోపలికి లాక్కుని కూర్చుంది.

రాజక్క చూస్తే గుర్తుపడుతుంది. అందుకని “వెనుక అర్రల పాము కనవడ్డది, అటు దిక్కు పోకుండ్రి,” అని చెప్పి తాళం వేసింది. సంజీవ్‌కు మాత్రం కోరుట్ల అంగడిలో కొన్నానంది.

రెండు రోజులకు తేజస్వినికి మళ్ళీ జ్వరం తిరగబెట్టింది.

ఆ సంగతి విన్న సాయంత్రం సంగీత అరలోకి వెళ్ళి కోడి కింద చెయ్యి పెట్టి చూసింది. పొదిగే కోడి పొట్ట వెచ్చగానే ఉంటుంది, అది ఆమెకు కొత్త కాదు. కానీ ఇది వెచ్చదనం కాదు. చెయ్యి చురుక్కుమంది. జ్వరంతో కాలిపోతున్న నుదుటి మీద చెయ్యి వేసినట్టుంది. అరలో వాసన కూడా మారింది. ఊక వాసన, రెట్ట వాసన ఉండాల్సిన చోట మందు బిళ్ళల చేదు వాసన, చెమటకు తడిసి ఆరని దుప్పటి వాసన. ఆమె గబగబా బయటికి వచ్చి తాళం వేసింది. తనకే అట్లా అనిపించిందనుకుంది.

నీళ్ళ సంగతి ఇంకా విచిత్రం. పొదుగు మీదున్న కోడి రోజుకు ఒక్కసారి లేచి, నాలుగు గింజలు తిని, రెండు గుక్కలు తాగి మళ్ళీ కూర్చుంటుంది. ఈ కోడి గింజలు ముట్టేది కాదు. నీళ్ళ చిప్ప మాత్రం ఎన్నిసార్లు నింపినా ఖాళీ అయిపోయేది. పొద్దున నింపితే మధ్యాహ్నానికి లేవు. మధ్యాహ్నం నింపితే సాయంత్రానికి చిప్ప అడుగు తడి కూడా లేకుండా ఉండేది. కోడి ముక్కు తెరుచుకుని, నాలుక కనబడేలా రొప్పుతూ ఆమెనే చూసేది.

రెండు వారాలు కావస్తున్నా జ్వరం దిగలేదు. ఒక పొద్దు రాజక్క పనిలోకి వచ్చి, చీపురు పట్టుకోకుండానే గోడకు ఆనుకుని కూలబడింది.

“సంగీతా, గా ఇడిసిన కోడిని ఎవ్వలో పట్టుకున్నరు.”

సంగీత దాణా బస్తా మూతి విప్పుతూనే ఉంది. తల తిప్పలేదు. “ఎటో పోయుంటది తియ్ అక్కా.”

“పోయి చూసచ్చిన. కుక్క తింటె ఈకలన్న ఉండాలె గద. ఒక్క ఈక లేదు.” రాజక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. “మా అవ్వ చెప్తుండె. పట్టుకొని దాపెడితె ముందుగాల జరం మల్లొస్తదట. ఎక్కువొద్దులు దాపెడితె మనిషే మెల్లగ గా కోడిలకు పోతదట. ఎవ్వలు పట్టుకున్నరో ఎరుకైతె కాళ్ళు మొక్కుదును బిడ్డా. మల్ల ఇడువుండ్రి, నా పొల్ల బతుకుతది అందును. తిట్టకపోదును, ఏం అనకపోదును.”

సంగీతకు ఆ క్షణంలో చెప్పెయ్యాలనిపించింది. నోటి దాకా వచ్చింది. వెనక అర తాళం చెవి ఆమె నడుముకే ఉంది. రాజక్క కాళ్ళ మీద పడి ఏడిస్తే ఐపోయేది. అంత తేలికైన పని ఆమె చెయ్యలేదు. “దవఖానకు తీస్కపో అక్కా. మా ఆయన ఆటో మాట్లాడుతడు,” అంది.

“నీ కడుపు సల్లగుండ,” అని రాజక్క ఆమె గడ్డం పట్టుకుంది. ఆ దీవెన సంగీతకు చెంపదెబ్బలా తగిలింది.

ఆ రాత్రి సంజీవ్‌కు అంతా చెప్పేసింది. అతను తిడతాడనుకుంది. తిడితే బాగుండేది. గోడ వైపు చూస్తూ అడిగాడు.

“పిల్లలు లేసేతందుకు ఇంకెన్నొద్దులు?”

“అయిదో ఆరో.”

“జరానికి మందులున్నయే. గుడ్లు ఒక్కసారి సల్లవడితె వాటికి మందు లేదు.”

 ఆమె మనసులో ఉన్న మాటే మొగుడి నోట వచ్చింది. పిల్లలు లేవగానే కోడిని తీసుకుపోయి మూడు తొవ్వల దగ్గర విడిచిపెడతానని పోచమ్మకు మొక్కుకుంది. దేవతతో కూడా వాయిదా మాట్లాడుకునేంత ధైర్యం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో. సంజీవ్ ఆటో మాట్లాడి, రాజక్కను, పిల్లను జగిత్యాల పంపించాడు. పళ్ళు కొనిచ్చాడు. సుజాతకు ఫోన్ చేసి రమ్మన్నాడు. ఊళ్ళో అందరూ సంజీవ్ ఎంత మంచివాడో అన్నారు.

గుడ్లు పగిలి పిల్లలు లేవాల్సిన రోజు పొద్దుటి నుంచి ముసురు పట్టింది. సంజీవ్ దాణా కోసం కోరుట్ల వెళ్ళాడు. సాయంత్రం కాకముందే చీకటి కమ్మింది. కరెంటు పోయింది. కోళ్ళు ఆ రోజు గూటికి రావడానికి ఇష్టపడలేదు. షెడ్డు తలుపు దాకా వచ్చి, మెడలు సాచి లోపలికి చూసి, తడుస్తూనే బయట నిలబడ్డాయి. సంగీత అదిలించి అదిలించి లోపలికి తోలింది. లోపల కూడా అవి కర్రలెక్కలేదు. వెనక అరకు దూరంగా, ముందు గోడ పక్కన ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా నక్కాయి. గొణుగుడు లేదు. రేకుల మీద వాన తప్ప ఇంకే చప్పుడూ లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. రాజక్క.

“సంగీతా… పొల్ల కండ్లు తెరుస్తలేదే. పిలిస్తె పలుకుతలేదు. డాక్టర్లు ఉరుకుతున్నరు. పొద్దాక దూప దూప, నీళ్ళు నీళ్ళు అన్నది. ఇప్పుడు గది సుత అంటలేదు…”

“నేను… నేనస్త అక్కా,” అంది సంగీత. ఫోన్ పెట్టేసింది.

చీకట్లో తాళం చాలాసేపు తెరుచుకోలేదు. ఫోన్ లైటు వేసి లోపలికి అడుగు పెట్టింది. వేడి ముఖానికి కొట్టింది. బయట అంత వాన, అంత చలి… ఈ అరలో గాలి మాత్రం ఉడికిపోతోంది. గంపలో కోడి తల వాల్చేసి ఉంది. కళ్ళ మీద తెల్లటి పొర. చిప్ప ఖాళీగా బోర్లా పడి ఉంది.

కోడి కింది నుంచి సన్నటి చప్పుడు. టిక్… టిక్.

రెక్క ఎత్తి చూసింది. ఒక గుడ్డు చిట్లింది. పగులులోంచి చిన్న ముక్కు కదులుతోంది. పక్కదానికి కూడా సన్నని గీత పడింది.

ఇప్పుడు తల్లిని తీస్తే ఇవన్నీ పోతాయి. ఒక్క గంట. ఒక్క గంట ఆగితే కొన్నైనా బయటపడతాయి… సంగీత అక్కడే గొంతుక్కూర్చుంది. ఫోన్లో ఆ ఏడుపు విన్నాక కూడా కూర్చుంది. ఆ ముక్కు పెంకును తోస్తుంటే, “లే… లే తల్లీ, జల్దిలే,” అని కూర్చుంది. తర్వాత జరిగిన వాటికన్నా ఆ కూర్చోవడమే ఆమెను ఎక్కువ కాల్చింది. దెయ్యాలు ఏం చేసినా వాటి పని అవి చేశాయనుకోవచ్చు. ఆమె కూర్చోవడం ఆమె చేసిందే.

ఫోన్ లైటు ఆరిపోయింది. చార్జింగ్ ఉంది. అయినా ఆరిపోయింది.

చీకట్లో… చాలా దగ్గరగా… చిన్న గొంతు.

“దూపైతుంది…”

సంగీత కదల్లేదు. 

“దూపైతుందత్తా… నీళ్ళియ్యి…”

గంప లోంచి.

 ఆమె చేతులు చాపి కోడిని గుడ్ల మీది నుంచి లాగేసింది. కొంగులో చుట్టి గుండెకు అదుముకుని వానలోకి పరుగెత్తింది. వెనక చిట్లిన గుడ్డులోంచి పిల్ల కీచుమంది. ఒక్కసారే.

మూడు తొవ్వల దగ్గరికి దూరమేమీ లేదు. రోజూ గడ్డి మోపుతో నడిచే దారే. బురదలో చెప్పులు కూరుకుపోయాయి, వదిలేసింది. పత్తి చేను గట్టు దాటేసరికి చేతులు లాగడం మొదలుపెట్టాయి. కోడి బరువెక్కుతోంది. తడిసిన చీర బరువనుకుంది. కాదు… నాలుగడుగులు వేస్తే ఇంకా బరువు. ఒక చేత్తో పట్టుకున్నదాన్ని రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత చంకకు ఎత్తుకోవాల్సి వచ్చింది… పిల్లను ఎత్తుకున్నట్టు. కొంగులో చుట్టిన దాని వైపు ఆమె చూడలేదు. చూడకూడదని గట్టిగా అనుకుంది. దాని వేడి జాకెట్టులోంచి ఒంటికి కాలుతోంది.

భుజం మీద ఏదో వాలింది. మెత్తగా. వేడిగా.

బుగ్గ.

“అత్తా… ఎటు పోతున్నం?”

 సంగీత ఆగలేదు. “ఏం లేదు బిడ్డా… ఏం లేదు…” అని ఎవరికి చెప్తోందో తెలియకుండా చెప్తూ నడిచింది. మెడ చుట్టూ సన్నటి చేతులు బిగుసుకున్నాయి. అవి రెక్కలే… రెక్కలే అనుకుంది.

మూడు తొవ్వలు వచ్చాయి. ఒకటి ఊరిది, ఒకటి చేలది, ఒకటి ఎటు పోతుందో ఆ చీకట్లో కనబడలేదు. తుప్ప మొదట్లో వంగి కొంగు విప్పింది. మెడ చుట్టూ ఉన్నవి విడవలేదు. ఒక్కొక్క వేలే… అవి వేళ్ళే… కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే విడదీసింది.

“నన్ను ఇడిసిపెట్టకత్తా… చీకటున్నది…”

ఇది జ్వరం. ఇది పిల్ల కాదు, జ్వరం. విడిచిపెడితేనే పిల్ల బతుకుతుంది. అలాగే కదా రాజక్క చెప్పింది? అలాగేనా చెప్పింది? ఎక్కువ రోజులు దాపెడితే… రాజక్క ఇంకా ఏదో అంది. ఆ క్షణంలో సంగీత అదేమిటో గుర్తు తెచ్చుకోలేదు. గుర్తు రానివ్వలేదు. లేచి వెనక్కి తిరిగి పరుగెత్తింది.

“అత్తా…! అత్తా…!”

వెనక్కి చూడకూడదు. ఆ ఒక్క నియమమే ఆమె సరిగ్గా పాటించింది.

ఇంటి గేటు దగ్గర ఫోన్ మోగింది. దానంతట అదే వెలిగి ఉంది. “తెరిసింది బిడ్డా! కండ్లు తెరిసింది!” రాజక్క ఏడుస్తూ నవ్వుతోంది. “ఇప్పుడే… గీ నిమిషంలనే. ఒళ్ళు సుత సల్లవడ్డది!” సంగీత ఆ బురదలోనే కూర్చుని ఎక్కెక్కి ఏడ్చింది. సంజీవ్ వచ్చేవరకూ అలాగే ఉంది.

తెల్లారి చూస్తే గుడ్లన్నీ చల్లబడి ఉన్నాయి. ముక్కు బయట పెట్టిన పిల్ల అలాగే, ముక్కు బయటే ఉండగా చనిపోయింది. సంజీవ్ వాటిని తీసుకెళ్ళి పూడ్చి వచ్చాడు. దుబాయ్ మాట ఎత్తలేదు. “పోనీయే, పొల్ల బతికింది గద,” అన్నాడు. సంగీత కూడా అదే అనుకుంది. ఎన్నోసార్లు అనుకుంది. అయినా సాయంత్రం అయ్యేసరికి చెవుల్లో ఆ పిలుపు వినబడేది. రెండుసార్లు పట్టపగలే మూడు తొవ్వల దగ్గరికి వెళ్ళి వెతికింది. కోడి లేదు. ఈకలు లేవు. వెతికేటప్పుడు నోటికి “తేజూ” అనే పేరు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ భయపడి ఊరి వైపు నడిచేది.

పిల్లను ఇంటికి తెచ్చారని తెలిసిన రోజు, పాలు పట్టుకుని రాజక్క ఇంటికి వెళ్ళింది. పొద్దుగూకుతోంది. సుజాత మందుల కోసం కోరుట్ల పోయింది. రాజక్క వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని జావ కాస్తోంది. సంగీతను చూడగానే ముఖమంతా నవ్వయింది.

“రా బిడ్డా, రా. మీ పున్యాన దక్కింది. ఆటో దిగి తనంతట తనే నడుసుకుంట అచ్చింది.” తర్వాత గొంతు కొంచెం తగ్గించింది. “మాటొక్కటి ఇంకా రాలె. డాక్టరు మెల్లగ అస్తదన్నడు. పొద్దుగూకంగనే గా మూలకు పోయి ముడుసుకుంటది. మంచంల పండమంటె పండది. జర ఎత్తి మంచం మీద ఎయ్యి బిడ్డా, నాకు నడుములు వంగుతలేవు.”

సంగీత లోపలికి వెళ్ళింది. దీపం ఇంకా వెయ్యలేదు. మూలన పాత చీరల మూట మీద తేజస్విని కూర్చుని ఉంది. మోకాళ్ళు లోపలికి మడుచుకుని, మోచేతులు పక్కలకు అదిమి, నేలకు అతుక్కున్నట్టు. పక్కనే చెంబు నిండా నీళ్ళు. ముట్టినట్టు లేవు.

“తేజూ…” అని గుసగుసగా పిలిచింది. “నేను… అత్తను.”

పిల్ల ఎదురుగా చూడలేదు. తల పక్కకు తిప్పి, ఒక్క కంటితో చూసింది. కన్ను ఆర్పలేదు.

“దూప కాలేదా బిడ్డా…?”

 సంగీత కన్నీళ్ళు తుడుచుకుని వంగింది. పిల్ల చంకల కింద రెండు చేతులూ వేసి, బరువు కోసం కాళ్ళు ఎడం చేసి నిలదొక్కుకుని ఎత్తింది.

బరువు లేక వెనక్కి పడబోయి తమాయించుకుంది.

పొద్దస్తమానం కోళ్ళను ఎత్తి దించే చేతులవి. వాటికి తూకం రాయి అక్కర్లేదు. చేతుల్లో ఉన్నదెంతో వాటికి తెలిసిపోయింది. అరచేతులకు ఆనిన పక్కటెముకల వెనక గుండె దడదడదడమని, లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది.

“ఆగు బిడ్డా, ఒక్కదానివి లేపలేవు,” వాకిట్లోంచి రాజక్క గొంతు. పొయ్యి ముందు నుంచి మెల్లగా లేస్తున్న చప్పుడు. “పొల్ల మస్తు బరువుంటది. పైలం, నేనస్తున్న.”

సంగీత ఒక చెయ్యి తీసేసింది. పిల్ల ఆమె ఒక్క చేతిలో ఉంది.